చంద్రుడికి అడ్డొచ్చిన అంగుళం

“మీ లెన్సు మీరే ఉంచుకోండి. నాకొద్దు!”

కౌంటర్ మీద ఠక్కున టెలిస్కోప్ పెట్టె పెట్టి, ఆ అమ్మాయి నా వంక చూసింది. ఆ చూపుకి షోకేసులో కళ్ళజోళ్ళన్నీ పగిలిపోతాయేమో అనిపించింది.

మా బాబాయి కళ్ళజోళ్ళ షాపులో బైనాక్యులర్లు, టెలిస్కోపులు చూసేది నేనే. ఈమె దగ్గర్లోని స్కూల్లో సైన్స్ టీచర్. వారం క్రితం స్కూలు టెలిస్కోప్ తెచ్చి, దానికీ కెమెరాకీ మధ్య బిగించే ఫోకల్ రెడ్యూసర్ అనే లెన్సు కొనుక్కెళ్ళింది. అది లేకపోతే కెమెరాకి కలిపిన టీవీలో చంద్రుడి బుగ్గ ఒక్కటే కనిపిస్తుంది. ఉంటే ముఖం మొత్తం పడుతుంది. అన్నీ నా చేత్తోనే బిగించి ఇచ్చాను.

“ఏమైందండీ?”

“చంద్రుడు దూదిపింజలా కనిపిస్తున్నాడు. ఎంత తిప్పినా ఫోకస్ కుదరట్లేదు.”

“మీరేదో కదిపుంటారు.”

“అసలు ముట్టుకోలేదు!”

“ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు...”

అనకూడదు. అనేశాను. కోపంతో ఆమె ముక్కు ఎర్రబడింది. నిజం చెప్పొద్దూ, చాలా బావుంది.

టెలిస్కోప్‌ని గుమ్మంలో నిలబెట్టి, వీధి చివరి నీళ్ళ ట్యాంకు మీదికి తిప్పాను. ట్యాంకు నిచ్చెన మెట్లు, వాటి మీది తుప్పుతో సహా కెమెరా స్క్రీన్ మీద కనిపించాయి.

“చూశారా? నిక్షేపంలా ఉంది!”

అన్నీ పెట్టెలో సర్దుకుని తీసుకెళ్ళింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. మళ్ళీ ట్యాంకు చూపించాను. మూడోరోజు వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నిపుణులు గారూ, మా పిల్లలు చూడాల్సింది ట్యాంకుని కాదు. శనివారం సాయంత్రం గ్రౌండ్‌లో టీవీ పెట్టి చంద్రుణ్ణి చూపిస్తానని మాటిచ్చాను. పోయినసారి మబ్బు పట్టింది. ఈసారి కూడా కనిపించకపోతే టెలిస్కోప్ స్టోర్‌రూమ్‌కి పోతుందట, మా సైన్స్ క్లబ్బు మూసేస్తారట. హెడ్మాస్టర్ గారు చెప్పేశారు.”

నాకూ బాధేసింది. అయినా నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా!

“శనివారం నేనే వస్తాను. నా చేతిలో తప్పు జరగదు.”

“వెళ్ళరా సర్వజ్ఞా, వెళ్ళు,” లోపల్నుంచి బాబాయి అరిచాడు. “ఆ ట్యాంకుని కూడా వెంట తీసుకెళ్ళు!”

శనివారం వెలుతురు ఇంకా పోకముందే సగం చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు. గ్రౌండ్ నిండా పిల్లలు. టీవీలో మాత్రం తెల్లటి మసక.

“మిస్, పాలు ఒలికినట్టుంది!” ముందు వరసలోంచి ఓ పాప అంది. అందరూ నవ్వారు.

హెడ్మాస్టర్ గారు నవ్వలేదు. “టీచరుగారూ, చేతకాని పని ఎందుకు నెత్తినేసుకుంటారు? సోమవారం అన్నీ స్టోర్‌రూమ్‌లో పెట్టించండి.”

ఆమె తల దించుకుంది.

నేను గబగబా ఫోకస్ నాబ్ తిప్పాను. కెమెరా లోపలికి జరిగేకొద్దీ బొమ్మ బాగుపడుతోంది. ఇంకా తిప్పాను. ఇంకా బాగుపడింది. అంతలో నాబ్ ఆగిపోయింది. లోపలికి పోవడానికి ఇక చోటు లేదు.

అప్పుడు వెలిగింది.

షాపులో బిగించిన రోజు, దగ్గరున్న ట్యాంకు ఫోకస్‌లోకి రావాలని మధ్యలో అంగుళం గొట్టం పెట్టింది నేనే. దూరంగా ఉన్నవాటికి కెమెరా లోపలికి జరగాలి. రెడ్యూసర్ ఉంటే ఇంకాస్త జరగాలి. ఆ గొట్టమే దానికి అడ్డు. ట్యాంకుకీ చంద్రుడికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా! మూడు రోజులూ నా తప్పుని ఆ ట్యాంకు మీదే పరీక్షించుకుని భుజాలు చరుచుకున్నాను.

గొట్టం తీసి జేబులో వేసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆమె ఇంకా తల ఎత్తలేదు.

“సార్!” గొంతు కాస్త గట్టిగానే వచ్చింది. “తప్పు టీచరుగారిది కాదు, నాది. ఈ గొట్టం ఇక్కడ ఉండకూడదు. ఆవిడ మూడుసార్లు వచ్చి చెప్పారు. నేనే వినలేదు.”

గొట్టం తీసి, కెమెరా బిగించి, నాబ్ తిప్పాను. టీవీలో చంద్రుడు గుంటలు, గీతలతో సహా తేలాడు. పిల్లల కేకలకి గ్రౌండ్ దద్దరిల్లింది. హెడ్మాస్టర్ గారు కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, టీవీకి ఇంకాస్త దగ్గరగా జరిగారు.

“స్టోర్‌రూమ్ మాట మర్చిపోండి టీచరుగారూ. వచ్చే నెల ఎప్పుడు చూపిస్తారు?”

ఆమె కళ్ళు తుడుచుకుని నా పక్కకొచ్చింది.

“ఇంత పని తెలిసినవారు, బిగించేటప్పుడు ఎలా పొరబడ్డారు?”

“మీరు ఎదురుగా నిలబడ్డారు. నాకు చేతులు ఆడలేదు.”

“తర్వాత వచ్చినప్పుడు?”

“అప్పుడూ నిలబడ్డారు.”

“మూడోసారి కూర్చున్నాను కదా!”

“నిలబడ్డప్పుడే నయమండీ.”

నవ్వు ఆపుకోవాలని చూసింది. ఆగలేదు.

“మీరంటే నాకు చాలా ఇష్టం,” అనేశాను. ఎక్కడిదో ఆ ధైర్యం!

ఆమె టీవీలో చంద్రుణ్ణే చూస్తోంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“రేపు మా నాన్నని కళ్ళజోడుకని మీ షాపుకి తీసుకొస్తాను. ఆయన ఎదురుగా అయినా చేతులు సరిగ్గా ఆడనివ్వండి. కొలత తప్పితే ఆయన ఎవరినీ వదలరు.”

“ఎవరినీనా?”

“ఎవరినీ. కాబోయే అల్లుణ్ణయినా సరే.”