రౌటర్ ఒప్పుకోని మొదటి ముక్క

ఉదయం పదీ ఐదుకి నీటి శుద్ధి కేంద్రం లిఫ్టులో నెట్‌వర్క్ ఇంజనీర్‌ని కాల్చేశారు. చప్పుడు కాలేదు. తలుపు తెరుచుకున్నాక స్వీపర్ చూసి కేక వేసింది.

పదీ నలభైకి గూఢచారి సంస్థ చీఫ్ తన ఏజెంట్‌ని పిలిచాడు. విదేశీ ముఠా పన్నెండింటికి క్లోరిన్ పంపులకు కమాండ్ పంపబోతోందనీ, ఊరి నీళ్లన్నీ విషమవుతాయనీ చెప్పాడు. సరఫరా ఆపినా, ఎవరినైనా హెచ్చరించినా ముఠా ఆ క్షణమే పని కానిచ్చేస్తుంది.

"మా అక్కకి పన్నెండింటికి డయాలసిస్, సార్."

"తెలుసు. ఆమెకీ చెప్పకూడదు."

ఏజెంట్‌కి ఒళ్లు మండింది. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. ఆమె రక్తాన్ని కడిగేది ఈ నీళ్లే. అయినా నోరు మూసుకుని ఏసీ మెకానిక్ యూనిఫాం తొడుక్కున్నాడు. దిక్కుమాలిన ఉద్యోగం.

కంట్రోల్ రూంలో ఇద్దరున్నారు. ఒకామె ఏడ్చి కళ్లు వాచిన ఆపరేటర్. రెండోది పట్టు స్కార్ఫ్ కన్సల్టెంట్, చూస్తే కళ్లు తిప్పుకోలేని మనిషి. ముఠాలో చీఫ్ పెట్టిన డబుల్ ఏజెంట్ ఆమే. "ఫిల్టర్ మార్చాలా?" అంది. "గ్యాస్ కూడా పట్టాలి," అన్నాడతను. కోడ్ సరిపోయింది.

రౌటర్ పాస్‌వర్డ్ ముఠా చేతికి పోయిందని ఆమె చెప్పింది. "పంపుల కేబుల్ పీకెయ్. పీడా పోతుంది."

అతను కేబుల్ మీద చెయ్యి వేశాడు. ఆపరేటర్ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. కేబుల్ తీస్తే కంట్రోల్ పోయిందనుకుని పంపులు పూర్తిగా తెరుచుకుంటాయట. పోయిన వారం ఆ సెట్టింగ్ మార్పించింది ఈ కన్సల్టెంటేనట.

కన్సల్టెంట్ ఎటువైపు మనిషో తేలిపోయింది. ఆమె లిప్‌స్టిక్ తిప్పింది. అందులోంచి వచ్చిన గుండు ఆపరేటర్ పొట్టలో దిగింది. ఏజెంట్ టూల్ బాక్స్‌తో ఆమె మణికట్టు విరగ్గొట్టి, కుర్చీకి సంకెళ్లు వేశాడు. అప్పటికి పదకొండూ యాభై మూడు.

ముఠాకి దొరక్కుండా పంపుల నెట్‌వర్క్ అడ్రసులు మార్చేద్దామా అని ఏజెంట్ అడిగాడు.

"నెట్‌వర్క్‌ని ఎనిమిది ముక్కలు చేశాం," అంది ఆపరేటర్, నేలమీంచే. "పాస్‌వర్డుంది కాబట్టి వాళ్లు ఏ ముక్కకైనా దారి వేసుకుంటారు. మొదటిదానికి తప్ప. దాని నంబర్ సున్నా. మన ముసలి రౌటర్ దాన్ని ముక్కగానే ఒప్పుకోదు. అందుకే పొద్దున లిఫ్టులో పోయిన మా సారు దాన్నెప్పుడూ ఖాళీగా వదిలేసేవారు."

కన్సల్టెంట్ అంత నొప్పిలోనూ నవ్వింది. ఆ చాదస్తం రౌటర్లలోంచి ఎప్పుడో పోయిందంది.

"ఇందులోంచి పోలేదు," అంది ఆపరేటర్.

పంపులూ, వాటిని నడిపే కంప్యూటరూ ఆ మొదటి ముక్కలోనే ఉంటే వాటి మధ్య రౌటర్‌తో పని లేదు. ఆమె కొత్త అడ్రసుల అంకెలు చెప్పింది, అతను కొట్టాడు. చివరి పంపుకి వచ్చేసరికి ఆమెకు గొంతు పెగల్లేదు. ఒక వేలు చూపించింది, తర్వాత నాలుగు. అతను పద్నాలుగు కొట్టాడు.

పన్నెండయింది. ముఠా దారి వెయ్యబోయింది, రౌటర్ కుదరదంది. మళ్లీ వేశారు. మళ్లీ కుదరదంది. పంపులు వాటి మానాన అవి తిరుగుతున్నాయి. ఆ మాట చెబుదామని వంగేసరికి ఆపరేటర్ ప్రాణం పోయింది. అతను అక్కడే కూలబడి ఏడ్చాడు.

నాలుగున్నరకి అక్క ఫోన్ చేసింది.

"పొద్దుట్నుంచీ ఫోనెత్తవేంరా? కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి అంత ఊపిరాడని పనేముంది?"

"కాస్త పని పడిందక్కా."

"నీకేంలే, నీడపట్టున ఉద్యోగం."

యూనిఫాం మీద అట్టకట్టిన రక్తాన్ని గోటితో గీకుతూ, ఏజెంట్ అవునన్నాడు.