మెడ మీద రెండు వేళ్లు

పొద్దున్నే కాఫీ తాగి, కిటికీ పక్క కుర్చీలో ఎండకు కాళ్లు చాపుకుని కాస్త కునుకు తీయడం అత్తగారికి ఏళ్ల తరబడి అలవాటు. ఇంట్లో ఏ తగువొచ్చినా తీర్పు ఆవిడదే కాబట్టి కొడుకు ఆవిడను జడ్జిగారు అని ఆటపట్టిస్తాడు. ఆ కునుకు సాగినంతసేపూ కోర్టుకు సెలవన్నమాట. ఆ రోజు మెడకు చల్లగా ఏదో తగిలి ఆవిడ ఉలిక్కిపడి లేచింది. చూస్తే కోడలు. అత్తగారి గొంతు పక్కన రెండు వేళ్లు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

"ఏంటే ఇది? ఉన్నానో పోయానో చూస్తున్నావా?"

కోడలు చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఏం లేదత్తయ్యా. పడుకోండి."

"ఇంకేం పడుకుంటాను! గుండె ఆగినంత పనైంది."

కోడలు నర్సు. జబ్బు ఊరి మీద విరుచుకుపడినప్పటి నుంచి, ఊపిరందని వాళ్లుండే వార్డులో ఆమెకు రాత్రి డ్యూటీ. తెల్లారాక వచ్చి, బయటి బాత్రూములో తలారా స్నానం చేశాకే ఇంట్లో అడుగు పెడుతుంది. మొదట్లో అత్తగారు ఇరుగుపొరుగు దగ్గర ఆమె గురించి గొప్పగానే చెప్పుకుంది. కొన్నాళ్లుగా మాత్రం కోడలి వరస బాగాలేదు. అన్నం కెలికి వదిలేస్తుంది. తను నిద్రపోదు, నిద్రపోయేవాళ్లను వదలదు. పక్కకు చేరి ముక్కు దగ్గర అరచెయ్యి పెడుతుంది. మొన్న అలాగే కూతురు బుజ్జిదాని మీదికి వంగితే పిల్ల లేచి కెవ్వుమంది. అప్పటి నుంచి అమ్మ పక్కన పడుకోనంటోంది.

ఇక ఊరుకుంటే లాభం లేదనుకున్న జడ్జిగారు ఫలహారాల దగ్గర తీర్పు చెప్పేసింది.

"ఈ జబ్బుల గొడవ తగ్గేదాకా నువ్వు ఆసుపత్రి హాస్టల్లోనే ఉండమ్మా. పిల్ల జడుసుకుంటోంది. నా వల్లా కావడం లేదు."

"ఇప్పుడెందుకమ్మా..." అని కొడుకు నసిగాడు.

"నువ్వాగరా. ఏమ్మా, అసలు మాలో ఏం చూస్తున్నావు? అందరం గుండ్రాళ్లలా ఉన్నాంగా?"

"నిద్రపోతుంటే తెలీదత్తయ్యా," అంది కోడలు.

"పొద్దున్నే అవేం మాటలే!"

కోడలు గ్లాసు పక్కన పెట్టింది. ఎవరి సంగతో చెబుతున్నట్టు మొదలుపెట్టింది. వార్డులోకి ఇంటివాళ్లను రానివ్వరు. అందుకని ఆఖరి ఘడియల్లో నర్సే ఫోను రోగి చెవి దగ్గర పట్టుకుంటుంది. అవతలి వాళ్లు చెప్పుకోవలసింది చెప్పుకుంటారు. ఒక రోజు ఓ పెద్దాయనకు అలాగే పట్టుకుంది. అవతల ఆయన కూతురు.

"ఒక చేత్తో ఫోను, ఇంకో చెయ్యి ఆయన మెడ మీద. నాకు సైకిల్ నేర్పింది గుర్తుందా నాన్నా అంటోంది ఆ అమ్మాయి. నా వేళ్ల కిందే నాడి ఆగిపోయిందత్తయ్యా. అప్పుడే అడిగింది, నాన్న వింటున్నారా సిస్టర్ అని. వింటున్నారమ్మా, మాట్లాడండి అన్నాను."

కొడుకు చేతిలో ముద్ద పళ్లెంలోకి జారింది.

"ఏదో మాటన్నానని, క్షమించమని ఏడ్చింది. క్షమించడానికి అక్కడెవరున్నారు? నేనే ఉన్నా, ఫోను పట్టుకుని. తరవాత ఇంకెంతమందితో అదే మాట అన్నానో. ఇప్పుడు తడుముకోకుండా వస్తోంది. పొమ్మంటే పోతానత్తయ్యా. కానీ మీ మెడ మీద వేళ్లు పెడితే కొట్టుకుంటోంది. నాకు అదొక్కటే..."

ఇన్నాళ్లూ కోడలు తమలో చావు వెతుకుతోందనుకుంది అత్తగారు. పిచ్చిపిల్ల, వెతుక్కున్నది ప్రాణాన్ని. తన నోటిని తనే తిట్టుకుంటూ లేచి, కోడలి చెయ్యి పట్టుకుని గదిలోకి నడిపించుకెళ్లింది. మంచం మీద పడుకోబెట్టి, తన మణికట్టు ఆమె వేళ్ల మధ్య పెట్టింది.

"ఇదుగో, పట్టుకో. ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. పడుకో."

"చెయ్యి తిమ్మిరెక్కుతుందత్తయ్యా."

"ఎక్కనీ. ఈ చెయ్యి ఊపుతూ ఇన్నేళ్లు తీర్పులు చెప్పా. కాస్త కుదురుగా ఉండనీ."

కాసేపటికి కోడలు నిద్రలోకి జారింది. వేళ్లు మాత్రం పట్టు వదల్లేదు. చీకటి పడేలోపు మళ్లీ డ్యూటీకి లేపాలని అత్తగారికి గుర్తొచ్చింది. ఇంటికి రమ్మనగలదు గానీ, ఆ వార్డులోంచి ఈ పిల్లను తీసుకురావడం తన వల్ల అవుతుందా? అంతలో కోడలి పెదవులు కదిలాయి.

"వింటున్నారమ్మా... మాట్లాడండి."

అత్తగారు నోరు తెరిచింది. కదిలితే నాడి చేజారి ఉలిక్కిపడి లేస్తుందేమోనని, రెండో చేత్తో నోరు గట్టిగా మూసుకుని ఏడ్చింది.