ఏడో నంబరు కింద మోగే మోటారు

ఆ అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో ఏడో నంబరు చోటంటే అందరికీ హడల్. ఆరులో, ఎనిమిదిలో బండి పెట్టుకునేవాళ్లు కూడా, చీకటి పడిందంటే దిగీ దిగగానే లిఫ్టు వైపు పరుగే. వెనక్కి తిరిగి చూసిన మొనగాడు లేడు.

ఎందుకంటారా? ఆ బిల్డింగు లేవకముందు అక్కడో బావి ఉండేదట. అందులోకి మోటారు దింపడానికి ఒక మనిషి దిగాడు... దిగాడు, అంతే. పైకి రాలేదు. లాగితే తాడొక్కటే వచ్చిందట. తర్వాత బావి పూడ్చేసి, పైన సిమెంటు పోసి, పసుపు గీతలు గీసి, ఏడు అని నంబరు వేశారు. నంబరు వేస్తే మాత్రం బావి ఊరుకుంటుందా? రాత్రి ఒంటిగంట దాటాక నేలలోంచి మోటారు మోగుతుందని వాచ్‌మన్ తాత అడిగినవాళ్లకీ చెప్పేవాడు, అడగనివాళ్లకీ చెప్పేవాడు.

అలాంటి చోట కోరి కారు పెట్టినవాడు పంపుల మేస్త్రీ. సరిగ్గా ఆ ఏడో నంబరు నెత్తిమీదే, మొదటి అంతస్తులో ఆయన ఇల్లు. ముప్ఫై ఏళ్లుగా నీళ్ల మోటార్లు బాగుచేస్తున్న మనిషి. స్క్రూడ్రైవరు ఒక కొస మోటారు మీద, ఇంకో కొస చెవికి ఆనించి, విప్పకుండానే బేరింగు పోయిందో లేదో చెప్పేసేవాడు. దెయ్యాల మాట ఎత్తితే నవ్వేవాడు. మోగేది ఏదైనా సరే, మూత విప్పితే లోపల కారణం ఉంటుందనేవాడు.

ఆయనకి ఆ చోటే కావాలి మరి. ఆయనది కరెంటు కారు. ఛార్జింగ్ పెట్టే పాయింటు బిల్డింగు మొత్తానికి ఒక్కటే, అది ఏడో నంబరు గోడకే ఉంది; వైరు మాత్రం పక్క చోట్లకీ అందుతుంది. నాలుగు కార్లకి వంతులు. ఈయన వంతు నాలుగు రాత్రులకొకసారి.

ఆ కారు షోకుకి కొన్నది కాదు, కూతురి కోసం కొన్నది. పందొమ్మిదేళ్ల పిల్లకి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. అమ్మదీ సరిపోలేదు, నాన్నదీ సరిపోలేదు. ఇక మిగిలింది ఒకటే దారి... ఎక్కడో ఎవరో పోవాలి, వాళ్లది ఈ పిల్లకి రావాలి. పెద్దాసుపత్రి జాబితాలో పేరుంది. ఏ అర్ధరాత్రయినా ఫోన్ రావచ్చు. వచ్చాక ఐదు గంటల్లో అక్కడ ఉండకపోతే జాబితాలో తర్వాతివాళ్లని పిలుస్తారు. దారేమో నాలుగు గంటలు. కారులో డెబ్బై అయిదు శాతం లేనిదే అంత దూరం లాగదు.

ఆ ఫోన్ రావాలని ఇంట్లో ముగ్గురూ కోరుకునేవాళ్లు. కానీ పైకి ఎవరూ అనేవాళ్లు కాదు. ఇంకో ఇంట్లో ఏడుపు లేవాలని నోటితో ఎలా అంటారు?

ఒకసారి వచ్చింది. రాత్రి ఒంటిగంటకి... వచ్చింది.

పరుగున దిగి చూస్తే కారులో అరవై నాలుగు! మూడు రోజుల కిందట నూరు నింపి, తాళం వేసి, అంగుళం కదపకుండా ఉంచిన కారది. పిల్లని డయాలసిస్‌కి ఆటోలోనే తీసుకెళ్లేవాళ్లు, మేస్త్రీ పనికి కూడా పాత స్కూటరు మీదే పోయేవాడు. టాక్సీవాళ్లేమో ఆ వేళప్పుడు అంత దూరం రామన్నారు. అయినా బయల్దేరారు. సగం దారిలో ఛార్జింగ్ పెట్టాల్సొచ్చింది. అక్కడా ఒకటే పాయింటు, ముందు ఇంకో బండి. చేరేసరికి ఆరున్నర గంటలు. అప్పటికే ఆ కిడ్నీ లోపల ఇంకెవరికో పెడుతున్నారు.

తిరుగు దారిలో అమ్మాయి వెనక సీట్లో కళ్లు మూసుకునే అంది. "ఇక వదిలెయ్ నాన్నా. మళ్లీ ఫోనొచ్చినా వెళ్లొద్దు. ఛార్జింగ్ అయిపోయింది కారుకి కాదు, నాకు."

మేస్త్రీ అద్దంలోంచి దాని మొహం చూసి, మళ్లీ దారి వైపు తిరిగాడు.

కారు కొన్నప్పుడు ఛార్జింగ్ ఎంతుందో ఫోన్‌లోనే చూసుకునే యాప్ ముగ్గురి ఫోన్లలోనూ పెట్టింది ఆ పిల్లే. ఇంటికి రాగానే నాది తీసేశానంది. ఆ రోజునుంచీ కారు మాట ఎత్తలేదు. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. దేనికీ ఎదురు చెప్పని ఆ పిల్లని చూస్తే తల్లికీ తండ్రికీ గుండె చెరువయ్యేది. కిడ్నీ దొరక్కపోవడం ఒకెత్తు. పిల్ల ఆశ వదిలేసుకుంటే ఇంకెవరికోసం ఈ పాట్లన్నీ?

సరే, ముందు కారు సంగతి తేల్చాలి. తాళం వేసిన కారులోంచి రాత్రికి పదీ పన్నెండు శాతం ఎవరు తాగేస్తున్నట్టు?

మర్నాడు వంతు వచ్చి నూరు నింపాక, ఆ పై రాత్రి మేస్త్రీ మేలుకున్నాడు. ఇల్లంతా చీకటి. భార్య అటు తిరిగి పడుకుంది. ఒంటిగంట కావస్తుండగా దుప్పట్లోనే ఫోన్ తీసి చూశాడు. తొంభై ఆరు.

అప్పుడు... కింద నుంచి...

టక్.

ఆ వెంటనే గుయ్యిమంటూ సన్నటి మూలుగు. సరిగ్గా తన మంచం కింద. నేల అడుగునుంచి.

కాసేపు మూలిగి ఆగింది. హమ్మయ్య అనుకుని మళ్లీ ఫోన్ చూశాడు. తొంభై అయిదు. వేలు తీశాడో లేదో... టక్. మళ్లీ అదే మూలుగు.

తను చూస్తున్న సంగతి దానికి తెలుస్తోంది! ముప్ఫై ఏళ్లలో ఎన్ని మోటార్లు చూశాడో లెక్కలేదు గానీ, తిరిగి తనని చూసిన మోటారు ఇదే.

మర్నాటి రాత్రి, ఆసుపత్రివాళ్ల దగ్గర భార్య నంబరూ ఉంది గనక, తన ఫోన్ ఆఫ్ చేసి దిండు కింద పెట్టేసి, టార్చీ స్క్రూడ్రైవరూ పట్టుకుని కిందికి దిగాడు. వాచ్‌మన్ తాత గేటు దగ్గర కుర్చీలో కునుకుతున్నాడు. పార్కింగ్‌లో ఒకే ఒక్క లైటు, అదీ కొట్టుకుంటోంది. కారు దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. తలుపు లాగి చూశాడు, తాళం పడే ఉంది. బానెట్ ఎత్తి ఎలకలు దూరాయేమో వెతికాడు, ఒక్క వైరూ కొరికి లేదు. మళ్లీ మూసి, పక్కనే నేలమీద చతికిలబడ్డాడు.

ఒంటిగంట దాటుతుండగా... టక్.

ఫోన్ తన చేతిలో లేదు. ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. అయినా గుయ్యిమంది.

స్క్రూడ్రైవరు బానెట్‌కి ఆనించి చెవి పెట్టాడు. ఆయన చెవి అబద్ధం చెప్పదు. చిన్న పంపు... లోపల నీళ్లు తిప్పుతోంది. బేరింగు బాగుంది. అరుగుదల లేదు. రోగమేమీ లేని పంపు, ఎవరో ఆన్ చేస్తే తిరుగుతోంది. స్విచ్చు వెయ్యకుండా మోటారు తిరగదు, అది ఆయనకి అన్నం పెట్టిన విద్య. మరి వేసిందెవరు?

బావిలోకి దిగి పైకి రానివాడు గుర్తొచ్చాడు. వాడూ మోటార్లవాడే.

పది నిమిషాలు. టక్. ఇంకో పది నిమిషాలు. టక్. ఊపిరి తిప్పుకోనివ్వట్లేదు. పైన పడుకున్న పిల్ల ఒంట్లోంచి బొట్టుబొట్టుగా పీల్చేస్తున్నట్టే అనిపించింది ఆయనకి. ఇక ఆగలేకపోయాడు. దెయ్యాల మాటెత్తితే నవ్వే మనిషి, ఆ సిమెంటు నేలమీద బోర్లా వంగి, నోరు నేలకి ఆనించి గుసగుసగా అన్నాడు.

"అన్నా... నువ్వూ మా పనివాడివే. నీకేం కావాలో అడుగు, ఇస్తాను. ఈ కారు జోలికి మాత్రం రాకన్నా. నా పిల్ల చచ్చిపోతుంది."

ఒక్క క్షణం నిశ్శబ్దం...

టక్.

మేస్త్రీ అక్కడే, నేలమీదే, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపుకి తాతకి మెలకువొచ్చింది. నేలతో మాట్లాడుతున్న మనిషిని స్తంభం చాటునుంచి చూశాడు. ఇక చెప్పాలా? తెల్లారేసరికి అన్ని అంతస్తులకీ పాకింది, చిలవలూ పలవలూ చేరి మరీ.

తెల్లారగానే మేస్త్రీ కారుని సర్వీసు సెంటరుకి తీసుకుపోయాడు. అక్కడ కార్లు పరీక్ష చేసే మేడమ్ ఓపికగా అంతా వింది. నవ్వలేదు. తన కంప్యూటరు వైరు కారుకి తగిలించి చాలాసేపు చూసింది.

"కారుకి జబ్బేమీ లేదండీ. నిద్ర లేదు, అంతే," అంది.

ఆవిడ చెప్పినదాని సారం ఇదీ. నిలబెట్టిన కారు నిద్రలో ఉంటుంది. ఫోన్‌లో ఛార్జింగ్ ఎంతుందని చూసినప్పుడల్లా, జవాబు చెప్పడానికి లేస్తుంది. లోపల స్విచ్చు టక్కుమంటుంది, బ్యాటరీని చల్లబరిచే నీళ్ల పంపు తిరుగుతుంది, ఐదారు నిమిషాలకి గానీ మళ్లీ పడుకోదు. పడుకునేలోగా ఇంకోసారి చూస్తే మళ్లీ మొదటికే. అలా రాత్రంతా లేపుతూ ఉంటే పదీ పన్నెండు శాతం ఆవిరైపోతుంది.

తన భయమే దాన్ని లేపుతోందన్నమాట! సిగ్గేసింది మేస్త్రీకి. కానీ నిన్న రాత్రి తన ఫోన్ ఆఫ్‌లో ఉందిగా, అని అడిగాడు.

"మీదొక్కటే కాదండీ. మూడు ఫోన్లు," అంటూ ఆవిడ తెర ఇటు తిప్పింది.

ఫోన్లకి పేర్లున్నాయి, యాప్ పెట్టినప్పుడు అమ్మాయి తన చేత్తో రాసినవి. నాన్న: మొన్న రాత్రి ఏడుసార్లు, నిన్న లేదు. అమ్మ: మొన్న ఆరు, నిన్న నాలుగు. అంటే పక్కనే అటు తిరిగి పడుకున్న మనిషి నిద్రపోలేదన్నమాట.

మూడో పేరు: నేను. మొన్న రాత్రి ముప్ఫై నాలుగుసార్లు. నిన్న రాత్రి ముప్ఫై ఎనిమిది. ఒంటిగంటనుంచి తెల్లారేదాకా, పది నిమిషాలైనా ఆగకుండా.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నిజమే. తీసేశానన్నది తియ్యలేదు. వదిలెయ్ నాన్నా అన్న పిల్ల తనే వదల్లేదు. గోడకి అవతల, చీకట్లో, ఒక్కతే కూర్చుని... ఈ రాత్రి ఫోన్ వస్తే సరిపోతుందా, ఇప్పుడొస్తే సరిపోతుందా అని తెల్లవార్లూ చూసుకుంటోంది. బతకాలని ఉంది దానికి. మేస్త్రీ అక్కడున్న స్టూలు మీద కూలబడి మొహం కప్పుకున్నాడు. మేడమ్ మంచినీళ్లు తెచ్చిచ్చింది.

ఆ నీళ్లు తాగుతుంటేనే రెండోది తట్టింది. మొదటిసారి ఫోనొచ్చిన రాత్రి తగ్గిన ముప్ఫై ఆరు శాతం... ముగ్గురూ కలిసి చూసి చూసి తినేసిందే అది. ఈ సంగతి తెలిస్తే ఆ పిల్ల, నా కిడ్నీ నేనే పోగొట్టుకున్నానని కుమిలిపోతుంది. ఇక నిజంగానే ఆశ వదిలేస్తుంది.

ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని మేడమ్ దగ్గర మాట తీసుకున్నాడు. తన యాప్ అక్కడే తీసేశాడు. ఇంటికొచ్చి, వంటింట్లో భార్య చెవిలో రెండు ముక్కలు చెప్పాడు. ఆవిడ గోడవైపు తిరిగి కళ్లొత్తుకుంది, తర్వాత తనదీ తీసేసింది. పిల్ల ఫోన్ జోలికి మాత్రం ఇద్దరూ పోలేదు. చూడొద్దని ఏ నోటితో చెబుతారు? అయితే అది చూసినంతసేపూ కారు కరుగుతూనే ఉంటుందే, మరెలా?

సాయంత్రం మేస్త్రీ తిన్నగా తాత దగ్గరికెళ్లాడు. చుట్టూ నలుగురూ చేరేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు. ఉంది... నా చెవులతో విన్నాను. దానితో మాట్లాడాను. రాత్రిపూట ఆ పాయింటు ఇంకెవరు ముట్టుకున్నా ఊరుకోనంటోంది.

దెయ్యాల్లేవనే మనిషే అంత మాట అన్నాక ఇక అప్పీలేముంది? మిగతా మూడు కార్లవాళ్లూ మా ఆఫీసుల దగ్గరే పెట్టుకుంటాం బాబూ, రాత్రి వంతులన్నీ నువ్వే వాడుకో అని దణ్ణం పెట్టేశారు. పాపం, ఆ బావిలోవాడు చెయ్యని నేరం నెత్తినేసుకున్నాడు. మేస్త్రీ ఆ రాత్రి వైరు తగిలించి, నేలవైపు చూసి, ఏమనుకోకన్నా అని చిన్నగా అన్నాడు.

ఆనాటినుంచీ రోజూ అంతే. వైరు తగిలించి వచ్చి పడుకునేవాడు. ఒంటిగంట దాటాక... టక్. గుయ్యి. ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించుకుని ఉండేవాడు. చూసుకో తల్లీ, ఎన్నిసార్లయినా చూసుకో అనుకుంటూ నిద్రలోకి జారేవాడు. చప్పుడు పావుగంట ఆలస్యమైతే మాత్రం లేచి కూర్చునేవాడు.

ఇరవై రెండో రాత్రి రెండుంబావుకి ఫోన్ మోగింది.

అవును, బయల్దేరుతున్నాం, అని రెండే రెండు మాటలన్నాడు. భార్యకి ఆసుపత్రి సంచీ కళ్లెదుట ఉన్నా కనిపించట్లేదు. ఇక మిగిలింది అసలు పని... పిల్లని లేపాలి. రానంటే? అది రానని మంచం పట్టుకు కూర్చుంటే ఏం చెయ్యాలి?

గది తలుపు తట్టబోయాడు. తలుపు దానంతట అదే తెరుచుకుంది.

చీకట్లో అమ్మాయి నిలబడి ఉంది. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. చేతిలో ఫోన్ వెలుగుతోంది. కింద నుంచి గుయ్యిమని సన్నగా మూలుగు.

"తొంభై తొమ్మిది ఉంది నాన్నా," అంది. "సరిపోతుంది... పద."