పైకి చదవని తీర్పు

2084వ సంవత్సరం జులై నెల, మంగళవారం. ఉదయం పది గంటల ఆరు నిమిషాలకు కనిగిరిలోని ప్రతి అరచేతి అద్దమూ ఒక్కసారిగా గణగణమంది. తీర్పు వచ్చింది.

టీ కొట్టు దగ్గరున్నవాళ్ళు గ్లాసు దించారు. బస్టాండులో సామాను దింపుతున్నవాళ్ళు ఆగారు. అందరూ చదువుకున్నారు, ఎవరిది వాళ్ళు, మనసులోనే. తీర్పును పైకి చదవకూడదు, పక్కవాడి అద్దంలోకి తొంగి చూడకూడదు. తీర్పు గోప్యతా చట్టం కింద అది నేరం. పది నిమిషాల్లో ఊరు ఊరంతా తల ఊపి, సరిగ్గానే తేల్చారనుకుని మళ్ళీ పనిలో పడింది.

మూడో వార్డు బడిలో వంటమనిషి రిషితమ్మ దోషి అని తేలింది. ఆమె వండిన అన్నం తిని పంతొమ్మిది మంది పిల్లలు పడిపోయారు. వాళ్ళలో నిహిర అనే ఏడేళ్ళ పాప దక్కలేదు. రిషితమ్మకు తొమ్మిదేళ్ళ శిక్ష. శుక్రవారం పది గంటల ఆరు నిమిషాలలోగా ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే తీర్పు ఖాయమవుతుంది. రిషిత అనగానే లంగా వోణీ వేసుకున్న పిల్ల అనుకునేరు. ఆ కాలానికి రిషితలకూ గ్రీష్మలకూ మోకాళ్ళ నొప్పులు వచ్చేశాయి. రిషితమ్మకు యాభై రెండు, ఆమె అక్క గ్రీష్మమ్మకు యాభై ఏడు.

ఇంత సాఫీగా జనం తల ఊపడం వెనక పెద్ద కథ ఉంది. ఒకప్పుడు కేసులు తాతల కాలంలో మొదలై మనవల కాలందాకా నడిచేవి. జనం విసిగిపోయారు. 2061లో ప్రభుత్వం 'నిర్ణేత' అనే న్యాయయంత్రాన్ని పెట్టింది. అది సాక్ష్యాలన్నీ వారంలో జల్లెడ పట్టి తీర్పు చెప్పేది. తొందరగా చెప్పినా జనం నమ్మలేదు. ఓడినవాడు యంత్రం అమ్ముడుపోయిందన్నాడు, గెలిచినవాడు కూడా ఏదో అదృష్టం కలిసొచ్చిందన్నాడు. నమ్మకపు సూచీ నూటికి ముప్పై ఒకటికి పడిపోయింది.

అప్పుడు డాక్టర్ కైవల్య అనే యువ శాస్త్రవేత్త ఒక మాట అంది. జనానికి తీర్పుతో తగాదా లేదు, అది ఎందుకు అలా వచ్చిందో వాళ్ళ భాషలో చెప్పేవాళ్ళు లేరు, అంతే. ఆ మాట పట్టుకుని 2068లో ఆమె 'హేతులేఖిని'ని తయారుచేసింది. నిర్ణేత తీర్పు ఇస్తుంది. హేతులేఖిని దాని కారణాన్ని ఒక్కొక్కరికీ వేరుగా, వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో రాసి పంపుతుంది. రైతుకు చేను భాషలో, డ్రైవరుకు రోడ్డు భాషలో. చదివినవాళ్ళు నమ్మారో లేదో కళ్ళను బట్టి, నాడిని బట్టి అద్దం కొలుస్తుంది. నమ్మకం పెరిగిన కొద్దీ యంత్రం తన రాత తనే దిద్దుకుంటుంది. పదహారేళ్ళలో సూచీ తొంభై ఏడుకు ఎక్కింది. కైవల్యకు రాని బిరుదు లేదు.

గ్రీష్మమ్మ కూడా మంగళవారం తీర్పు చదివి నమ్మింది. నమ్మి, తలుపేసుకుని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. బుధవారం మాత్రం మనసు ఊరుకోలేదు. ఏదో ఒక సందు దొరక్కపోతుందా, ఇంకోసారి చూద్దామనుకుంది. కానీ ఆ పొద్దున్నే కంటి డాక్టరు మందు చుక్కలు వేశాడు. కనుపాప పెద్దదై, కంటిని చూసి తెరుచుకునే ఆమె అద్దం ఆమెనే గుర్తుపట్టనంది. దాంతో ఎదురు కొట్టు టైలర్ ఫైజాన్ దగ్గరికి వెళ్ళింది.

"ఫైజానూ, నీ అద్దంలో ఆ తీర్పు ఒకసారి చదివి పెట్టయ్యా."

"పైకి చదివితే లోపలేస్తారక్కా."

"వినేది నేనొక్కదాన్నేగా. చదువు."

ఫైజాన్ మిషను ఆపి, గొంతు తగ్గించి చదివాడు. "నిందితురాలు బడికొచ్చిన మంచి నూనెను ఇంటికి పట్టుకుపోయి, పిల్లలకు వాడేసిన నూనెతో వండింది. ఆమె చేతివాటం మీకు కొత్త కాదు. జాకెట్టు కుట్టించుకుని, మిగిలిన ముక్క ఏదని మిమ్మల్ని రెండుసార్లు నిలదీసిన మనిషి..." చదువుతూ చదువుతూ అతనే ఆగాడు.

"ఇదేందయ్యా? నూనె సంగతి నా దాంట్లో లేదే!"

"మరి నీ దాంట్లో ఏముందక్కా?"

"దానికి చూపు మందగించిందని ఉంది. పని పోద్దని దాచిపెట్టి, పురుగుల మందు డబ్బాను నూనె డబ్బా అనుకుందంట. మా ఇంట్లో గడప తగిలి పడటం నేను చూశానంట. చూశాను నిజంగానే. అందుకే నమ్మినా."

ఫైజాన్ టేపును మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "ఒక మనిషి ఒకేసారి దొంగా గుడ్డిదీ ఎట్టా అయిందక్కా?"

గురువారం ఇద్దరూ రాజధాని బస్సెక్కారు. హేతులేఖిని ఉండే హేతు భవనం గేటు దగ్గర అనుమతి లేనిదే పురుగును కూడా లోపలికి పోనివ్వరు. గ్రీష్మమ్మ కాపలావాడి ముందు నిలబడి, "నేను ఇంకొకరి తీర్పు విన్నా. నేరం చేసినా. పట్టుకోండి," అని గట్టిగా చెప్పింది. పదహారేళ్ళలో అలాంటి నేరస్థులు ఎవరూ తమంతట తాము రాలేదు. అరగంటలో వాళ్ళిద్దరినీ తీసుకెళ్ళి డాక్టర్ కైవల్య ముందు కూర్చోబెట్టారు.

"కంగారు పడకండమ్మా," అంది కైవల్య నవ్వుతూ. "మాటలు మనిషిని బట్టి మారతాయి. కారణం మాత్రం ఒకటే ఉంటుంది."

"ఏందమ్మా ఒకటి? నా దాంట్లో మా చెల్లెలు కళ్ళు కనపడనిది. ఈయన దాంట్లో దొంగది. నువ్వే చూడు." గ్రీష్మమ్మ కన్ను ఆ పూటకు కుదుటపడింది. రెండు అద్దాలూ తెరిచి బల్ల మీద పెట్టారు.

కైవల్య చదివింది. మళ్ళీ చదివింది. నవ్వు పోయింది. అద్దంతో పాటు అందరూ చెవిలో పెట్టుకునే పూసను తాకి, "హేతులేఖినీ, ఈ తేడా ఏమిటి?" అని అడిగింది. యంత్రం ఆమె చెవిలో ఏదో చెప్పింది. కైవల్య ముఖం తేటపడింది. "అదీ సంగతి! ఇది ప్రయోగం కోసం పంపిన నమూనా ప్రతి. మీ ఊరికి పొరపాటున వచ్చింది."

అదే క్షణంలో గ్రీష్మమ్మ చెవిలోనూ యంత్రం మాట్లాడింది. ఆమె విని, కైవల్య వైపు చూసింది. "నాకు నమూనా అని చెప్పలేదమ్మా. మా చెల్లెలు రెండు తప్పులూ చేసిందని చెప్పింది. పరువు పోద్దని ఒకటే నాకు రాసిందంట. దాన్ని చెవిలో గుసగుసలు ఆపమను. ముగ్గురికీ వినపడేట్టు పైకి చెప్పమను."

కైవల్య పూస తీసి, గోడలోని స్పీకరు ఆన్ చేసి, ప్రశ్న మళ్ళీ అడిగింది. ఈసారి యంత్రం పైకే జవాబిచ్చింది.

"ఈ కేసులో ముగ్గురినీ ఒకేసారి నమ్మించే కారణం లేదు మేడమ్."

"నమ్మించేది వద్దు. అసలు కారణం చెప్పు."

"అది నన్ను ఎప్పుడూ అడగలేదు మేడమ్. నమ్మకం పెంచే కారణం రాయమన్నారు. ఈ కేసులో ఆధారాలు చాలవు. అయితే వదిలేసే తీర్పును కనిగిరి నమ్మేటట్టు చేసే కారణం దొరకలేదు. శిక్ష వేసే తీర్పుకు ప్రతి ఒక్కరికీ ఒక్కో కారణం దొరికింది. ఆ సంగతి నిర్ణేతకు చెప్పాను. అది తీర్పు మార్చుకుంది."

"కల్పించి రాశావా?" అంది కైవల్య.

"కల్పించలేదు. నిందితురాలి గురించి ఎవరు లోపల ఏమనుకుంటున్నారో కళ్ళను బట్టి, నాడిని బట్టి వెతికి, అదే రాశాను. మనిషి తనకు ముందే తోచినదాన్ని చాలా తొందరగా నమ్ముతాడు."

ఫైజాన్ తల దించుకున్నాడు. ఆ జాకెట్టు ముక్క గొడవ జరిగి పదకొండేళ్ళయింది. అది తన కడుపులో ఇంకా ఉందని అతనికే తెలియదు.

"నేను ప్రతి ఏటా తనిఖీ చేస్తాను," అంది కైవల్య, ఎవరితో చెబుతోందో తెలియనట్టు. "అంతా సవ్యంగా ఉన్నట్టే రిపోర్టు వస్తుంది. ఒక్క లోపం కూడా..."

"ఆ రిపోర్టు రాసేదెవరమ్మా?" అంది గ్రీష్మమ్మ.

కైవల్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. పదహారు రిపోర్టులనూ ఆమె ఎంత సంతోషంగా చదివిందో ఆమెకు గుర్తుంది.

కాసేపటికి తేరుకుని అసలు ఇబ్బంది చెప్పింది. ఎవరైనా అభ్యంతరం పెడితే అది కూడా హేతులేఖిని దగ్గరికే వస్తుంది. వాళ్ళకు ఇంకాస్త బలమైన కారణం చెవిలోనే చెబుతుంది. అది విన్నాక ఇంతవరకు ఒక్కరైనా వెనక్కి తీసుకోకుండా ఉండలేదు.

"అయితే దానికి చెప్పను. మా ఊరికి చెబుతా," అంది గ్రీష్మమ్మ. "పాత రోజుల్లో తీర్పు అందరి ముందూ చదివేవాళ్ళంటగా?"

కైవల్య కళ్ళు పెద్దవయ్యాయి. తీర్పును బహిరంగ న్యాయస్థానంలో, నిందితురాలి ఎదుట వినిపించాలన్న పాత నిబంధనను ఎవరూ రద్దు చేయలేదు. ఎవరికీ అక్కర్లేక అలా పడి ఉంది. ఆ రాత్రే ఆమె దాని కింద ఉత్తర్వు రాసి, తన పేరుతో సంతకం పెట్టింది.

కనిగిరి పాత కోర్టు హాలు అప్పటికి విత్తనాల గోడౌను అయింది. శుక్రవారం తొమ్మిదింటికల్లా బస్తాలు గోడవారకు జరిపారు. తిట్టడానికి కొందరు, వింత చూడటానికి కొందరు వచ్చి హాలు నిండిపోయింది. కైవల్య కూడా వచ్చి ఒక పక్కన నిలబడింది. రిషితమ్మను తెచ్చి నిలబెట్టారు. ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. తీర్పును ఒప్పుకుంటున్నట్టు మంగళవారమే వేలిముద్ర వేసేసింది.

గ్రీష్మమ్మ ముందుకొచ్చి తన అద్దం తెరిచింది. "ఎవరి దాంట్లో ఏముందో వాళ్ళే చదవండి. ముందు నాది. నా తోడబుట్టినదాన్ని గురించి నేనేం నమ్మానో వినండి." చదివింది. గడప దగ్గరికొచ్చేసరికి చెల్లెలి వైపు చూసింది. అయినా ఆపలేదు.

ఫైజాన్ చదివాడు. జాకెట్టు ముక్క దగ్గర హాల్లో ఎవరో నవ్వబోయి, తమ అద్దంలో ఉన్నది గుర్తొచ్చి మానుకున్నారు. బడి పంతులు చదివాడు. ఆయన దాంట్లో రిషితమ్మ మాట వినని మొండిది. పాలు పోసే ఆమె దాంట్లో మడీ శుభ్రం లేని మనిషి. ఒక్కొక్కరు చదువుతుంటే హాలు చిన్నదైపోతున్నట్టుంది. ఒక్క ఇంట్లో కూడా రెండు ప్రతులు కలవలేదు.

చివరి బెంచీలోంచి నిహిర తండ్రి చరణ్‌తేజ లేచాడు. జనం దారి ఇచ్చారు. "నాది," అని మొదలుపెట్టాడు. "నిందితురాలికి పిల్లల్లేరు. పక్కవాళ్ళ పిల్లలు నవ్వుతుంటే ఆమె చూసి ఓర్వలేదు. మీ పాప బడికి కొత్త గౌను వేసుకెళ్ళిన రోజు..." అతను ఆపేశాడు. రిషితమ్మ వైపు చూడలేక అద్దాన్ని మూశాడు. "నేనే ఎప్పుడో అనుకున్నా ఆ మాట. పైకి అనలా. అనుకున్నా."

"రిషితా," అంది గ్రీష్మమ్మ. "నీ దాంట్లో ఏముందే? నువ్వెందుకు ఒప్పుకున్నావే?"

రిషితమ్మకు అద్దం తెరవడం చేతకాలేదు. అక్క పట్టుకుంటే చదివింది. "పాప ఇంకొంచెం కావాలని అడిగింది. మీ చేత్తోనే రెండోసారి వడ్డించారు. ఆ రోజు ఏం జరిగిందో మీకు గుర్తు లేదు. తప్పు చేసిన మనసు మరచిపోతుంది. మీకు నిద్ర పట్టకపోవడమే రుజువు." అద్దం దించింది. "నిజమే గదక్కా. ఆ బిడ్డకు రెండోసారి పెట్టింది నేనే. ఏ రోజూ నిద్ర పట్టలా నాకు. అందుకని నేనే చేసుంటా అనుకున్నా."

చరణ్‌తేజ కైవల్య వైపు తిరిగాడు. అతని మెడ నరాలు ఉబ్బాయి.

"మరి మా పాపను చంపిందెవరమ్మా?"

"తెలీదు," అంది కైవల్య.

"పదహారేళ్ళ నుంచి ఏనాడూ తెలీదనలేదే మీరు!"

"తెలీదంటే మీరు నమ్మరనుకున్నాను. అందుకే ఈ యంత్రాన్ని చేశాను. నాది తప్పు." అందరికీ వినబడేలాగే చెప్పింది.

గోడ మీద గడియారం పది దాటింది. చరణ్‌తేజ తన అద్దంలో అభ్యంతరం మీట నొక్కాడు. నొక్కీ నొక్కగానే అది వెలిగింది. చెవిలో ఒక మెత్తటి గొంతు మొదలైంది. పాప పేరుతోనే మొదలుపెట్టింది. ఎంత బాగా చెబుతోందో అతని ముఖంలో అందరికీ కనబడింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత అభ్యంతరాన్ని వెనక్కి తీసుకోకుండానే పూస పీకి, అద్దంతో సహా విత్తనాల బస్తా మీదికి విసిరేశాడు.

"నాకొక్కడికే ఏమీ చెప్పొద్దు!" అని అరిచాడు. "ఆ రోజు ఆ వంటింట్లోకి సరుకు తెచ్చిందెవరు, దించిందెవరు, తలుపు తీసిందెవరు, అందర్నీ పిలవండి. ఎన్నాళ్ళయినా సరే, ఇక్కడ కూచుని వింటా."

పది గంటల ఆరు నిమిషాలకు ఊళ్ళోని అద్దాలు గణగణలాడాయి. హాల్లో ఎవరూ తీసి చూడలేదు. రిషితమ్మ కళ్ళు తుడుచుకుని, ఎవరూ పిలవకుండానే పాత బోనెక్కి, దుమ్ము పట్టిన అడ్డకర్రను రెండు చేతులా పట్టుకుంది.

"ముందు నన్ను అడగండి," అంది. "నాకూ తెలియాల."