నూనె అంటని చేతులు

ఉదయం పది గంటలకు మార్చురీ డాక్టరు టేబుల్ ముందు కూర్చుని రాసుకుంటుండగా కిటికీలోంచి తూటా వచ్చింది. సైలెన్సర్ ఉన్నట్టుంది, పక్క గదిలోని టైపిస్టుకు కూడా చప్పుడు వినిపించలేదు.

సాయంత్రానికల్లా ఆ ఫైలు ఏజెంట్ చేతికొచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో అతణ్ణి అందరూ పిల్లి అంటారు.

"ఇంటికో పిస్తోలు పథకం. అమ్మేది ఇప్పటికే దొంగల భయం చూపించి ఇళ్లకు పిస్తోళ్లు అంటగడుతున్న విదేశీ కంపెనీ. రేపు పదకొండింటికి మంత్రిగారి సంతకం," అన్నాడు చీఫ్. "ఈ ఏడాది వీధి గొడవల్లో తుపాకీకి చచ్చింది పదకొండుమంది. ఇళ్లలో తొంభై ఆరుగురు. కంపెనీ ఒత్తిడికి ఇళ్లలో పోయినవాళ్లందరికీ మార్చురీ రిజిస్టర్‌లో ఒకటే కారణం రాశారు, పిస్తోలు తుడుస్తుండగా పేలిందని. డాక్టరు అలా రాయనన్నాడు. కంపెనీలో మనకో మనిషి ఉంది. ఆమెతో చెప్పాల్సిన కోడ్ మాట, గడియారం ఆగింది."

పిల్లి ఫైల్లో ఇళ్లలో చచ్చినవాళ్ల జాబితా తిప్పాడు. ఆ జాబితాలో అరవై ఒకటో నంబరు అతని అక్క.

మర్నాడు తొమ్మిదింటికి ఏసీ మెకానిక్ వేషంలో కంపెనీ లిఫ్ట్ ఎక్కాడు. లోపల ఒకామె, నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు.

"గడియారం ఆగిందండీ."

"కీ ఇచ్చేవాళ్లు లేరు," అంది ఆ కంపెనీ కన్సల్టెంట్ మేడమ్. ఆమె లిప్‌స్టిక్ మూత తీస్తే లోపల పెన్‌డ్రైవ్ ఉంది. "డాక్టరు తీసిన ఫొటోలు, మావాళ్లు ఎత్తుకొచ్చినవి. మంత్రి మీటింగ్‌కి మార్చురీ ఆయాని వెంట తీసుకెళ్లండి."

"ఇంతకీ మీరు ఎవరి మనిషి?"

"నిన్నటిదాకా వాళ్ల మనిషిని. రేపటి సంగతి అడక్కండి."

ఆయా ముప్పై ఏళ్లుగా శవాలు కడుగుతోంది. వ్యానులో కూర్చోగానే తనే మొదలుపెట్టింది.

"తుపాకీ తుడిస్తే చేతికి నూనె అంటదా బాబూ? అందరి చేతులూ నేనే కడిగాను. సబ్బు నురగ ఉంది, సిరా ఉంది. నూనె ఒక్కరికీ లేదు. ఒకమ్మాయికైతే గాజుల దాకా పిండే."

"ఎన్నో నంబరు?"

"అరవై ఒకటి."

పిల్లికి ఒళ్లు మండిపోయింది. ఆ రోజు బావ భుజం మీద చెయ్యి వేసి ఓదార్చింది తనే. రిజిస్టర్‌లోని అబద్ధాన్ని అమ్మకు చదివి వినిపించిందీ తనే. దొంగల భయం చూపించి ఇంట్లోవాళ్ల చేతికి తుపాకీ ఇచ్చిన కంపెనీ మీద ఎంత కోపమొచ్చిందో, నమ్మిన తన మీద అంతకు రెట్టింపు వచ్చింది.

ఏసీ బాగుచేయాలంటూ ఇద్దరూ మంత్రి మీటింగ్ హాల్లోకి చొరబడ్డారు. పదకొండుకు ఇంకా అర నిమిషం ఉంది. మంత్రి పెన్ను మూత తీశాడు. పిల్లి ప్రొజెక్టర్‌కు పెన్‌డ్రైవ్ గుచ్చాడు.

తెర నిండా చచ్చినవాళ్ల చేతులు. ఆయా ముందుకొచ్చి వ్యానులో చెప్పిందే మళ్లీ చెప్పింది. సంతకం ఫొటోకి వచ్చిన విలేకరుల కెమెరాలన్నీ అటు తిరిగాయి. మంత్రి పెన్ను కాగితానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

మంత్రి పక్కనున్న కంపెనీ డైరెక్టర్ చెయ్యి కోటులోకి వెళ్లింది. పిల్లి ఎగిరి మణికట్టు మెలిపెట్టాడు. పిస్తోలు పేలి సీలింగ్ పెచ్చు ఊడిపడింది. ఆయా వంగి ఆ చేతిని వాసన చూసింది.

"ఇదిగో నూనె. ఇన్నాళ్లకి దొరికింది."

బందోబస్తుకొచ్చిన ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ తెరిచాడు. "ఏమని రాయమంటారు సార్?"

"ముందు మా బావ అడ్రసు రాసుకోండి," అన్నాడు పిల్లి. "తర్వాత దీని సంగతి మీ ఇష్టం. తుడుస్తుండగా పేలిందని మాత్రం రాయకండి."