సెకనుకు ఒక్క బైట్

కోరుట్ల రోడ్డు మీద ఉద్యమకారుల వంటావార్పు సాగుతోంది. విస్తరి ముందు కూర్చున్న నిఘా ఏజెంట్ సురేశ్ కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోకుండానే పక్కకు ఒరిగాడు. సైలెన్సర్ తుపాకీ. చప్పుడు కూడా లేదు.

అతని అన్న, ఏజెంట్ నర్సింగం ఏడవలేదు. దినవారాలు కాకముందే జగిత్యాలలోని ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చి, "పసుపు ఉడికిందా?" అన్నాడు.

"ఆరబోసినం," అంది నల్ల కళ్లద్దాల లీల. కోడ్ కలిసింది. విదేశీ ముఠాలో ఉంటూనే మనకు కబురందించే డబుల్ ఏజెంట్ ఆమె. "మీ తమ్ముణ్ని చంపింది ఫాల్కన్. సరిహద్దు రాడార్ల నక్ష ఇయ్యాల్నే సిరిసిల్ల నుంచి పంపుతడు. గీ సెంటర్ల చాట్ సర్వర్ ప్రాక్సీ మీదికెల్లే ఫైల్ పోవాలె. యూజర్‌నేమ్ దొరికింది. తావు దొరకలే."

ఫోన్‌లో నర్సింగం చీఫ్ శైలజ ఆదేశించింది. "వెంటనే బ్లాక్ చెయ్."

"బ్లాక్ చేస్తే ఉరుకుతడు మేడం," అన్నాడు నర్సింగం. " నెమ్మది చేస్తే కూసుంటడు. నాకు వాడు కావాలె."

"ఫైల్ దాటిందో..."

"దాటదు."

సర్వర్ చూసే రమణ ఆ ఒక్క యూజర్‌కే సెకనుకు ఐదు కిలోబైట్ల లిమిట్ పెట్టాడు. నెట్‌ను తిట్టుకుంటాడే తప్ప ఫాల్కన్‌కు అనుమానం రాదు.

సిరిసిల్ల బంద్. బట్ట నేసే సాంచెలన్నీ ఆగి ఊరు మూగబోయింది. మెడలో ఉద్యమ కండువాతో నర్సింగం గల్లీలు తిరిగాడు. ఒక్క షెడ్డులో మాత్రం సాంచె కొట్టుకుంటోంది. నేతగాళ్ల ఊరిలో ఆ చప్పుడు చాటున తన అలికిడి ఎవరికీ పట్టదనుకున్నాడు ఫాల్కన్.

షట్టర్ ముందు అప్పటికే జనం. నూలు కండెలు చుట్టే మల్లవ్వ చెప్పుతో షట్టర్‌ను బాదుతోంది. "ఊరంత సమ్మెల ఉంటే సాంచె నడిపేటోడివి ఎవడివిరా? బయటికి రా, నీ మొఖం చూస్తం!"

ఆ లొల్లిలో నర్సింగం వెనక తలుపు తన్నాడు. తూటా చెవి పక్కనుంచి పోయింది. సాంచె చాటున నక్కాడు. ల్యాప్‌టాప్ అందదు. తెర మీద ఫైల్ గీత తొంభై తొమ్మిది శాతం చేరింది.

ఫోన్‌లో రమణ కేకేశాడు. "అయిపోతాందన్నా! సున్నా పెట్టాల్నా?"

"వద్దురా! సున్నా పెడితే లిమిటే ఉండదు. ఒకటి పెట్టు!"

సెకనుకు ఒక్క బైట్. గీత కొయ్యబారింది. ఏమైందోనని ఫాల్కన్ తెర వైపు తిరిగాడు. నర్సింగం తూటా అతని మణికట్టును చీల్చింది.

నర్సింగం తుపాకీ అతని నుదుటికి ఆనింది. వచ్చీరాని తెలుగులో ఫాల్కన్ అడిగాడు. "ఎలా... కనుక్కున్నావు?"

నర్సింగం తుపాకీ దించి, ల్యాప్‌టాప్ మూసి, షట్టర్ పైకెత్తాడు.

"బంద్ నాడు దుకాణం తెరిస్తివి. గిరాకీ నేనొక్కన్నే అస్తననుకున్నవా?"