ఎడమ ఛాతీ మీద బ్యాడ్జి

కోటవురట్ల దగ్గర చెరకుతోటలో బాలన్న శవాన్ని చూసినప్పుడు ఏజెంట్ ఝాన్సీలక్ష్మికి ఏడుపు రాలేదు. ఆరేళ్లుగా ఇద్దరిదీ ఒకే టీమ్. అతని ఎడమ ఛాతీ మీద ఆవగింజంత సూదిపోటు. డాక్టరు ఒకే మాటన్నాడు: "పాయిజన్."

నర్సీపట్నం వచ్చి ఎస్టీడీ బూత్ నుంచి చీఫ్‌కి ఫోన్ చేసింది.

"మిషన్ ఆగదు," అన్నాడు చీఫ్. "మాల్డోవా అతిథి పదకొండింటికి అక్కడి కమ్యూనిస్టు పార్టీ ఆఫీసుకొస్తాడు. సోవియట్ యూనియన్ పోయాక కూడా ఆయన దేశంలో కమ్యూనిస్టులు ఓట్లతో గెలిచి ఏలుతున్నారు. పాత సోవియట్ ఆయుధాలు దొంగచాటుగా అమ్మే విదేశీ ముఠా పేర్లు ఆయన దగ్గరున్నాయి. మనకిచ్చేలోగా చంపాలని వాళ్ల ప్లాన్. ఇంటర్‌ప్రెటర్ మన్మథరావు ఆ ముఠాలో మన మనిషి. కోడ్ గుర్తుందిగా?"

"ఉంది సార్." తన గొంతే ఇంకెవరిదో అనిపించింది ఆమెకు.

టీలిచ్చే మనిషి వేషంలో హాల్లోకి వెళ్లింది. మన్మథరావు రష్యన్ చదువుకున్న అందగాడు. తెల్ల సూటు, ఘుమఘుమలాడే సెంటు.

"జీడిపూత నిలిసిందా బాబూ?" టీ అందిస్తూ కోడ్ మాట అడిగింది.

"మంచు ఇడిస్తే నిలుస్తాది." తర్వాత గుసగుసగా, "కిల్లర్ ఆ ఫొటోగ్రాఫరు. బేగి పట్టుకో," అన్నాడు.

ఫొటోగ్రాఫర్ ముసలాయన. వణికే చేతులతో రీలు ఎక్కించలేక అవస్థపడుతున్నాడు. ఈయనా కిల్లర్? అనుమానంతో ఆమె వెనక్కి తిరిగింది.

మన్మథరావు అతిథికి ఎర్ర బ్యాడ్జి పెడుతున్నాడు. పొడవాటి పిన్ను. ఎడమ ఛాతీ. బాలన్నకు పోటు పడిన చోటే!

ఒక్క ఉరుకులో ట్రే అడ్డం పెట్టింది. పిన్ను 'టింగు'మని వంగిపోయింది. టీ అంతా తెల్ల సూటు మీద పడింది. జనంలో కలిసి కూచున్న మఫ్టీ పోలీసులు మన్మథరావు చేతులు విరిచి పట్టుకున్నారు.

"బాలన్న ఆఖర్న ఏటన్నాడు?" అని అడిగింది ఝాన్సీలక్ష్మి.

"బ్యాడ్జి బాగుందన్నాడు," అన్నాడు మన్మథరావు, తల దించుకుని.

ఆమెకు కోపం కూడా రాలేదు. వేడి టీకి తన వేళ్లు బొబ్బలెక్కాయని ఎవరో చెబితే చూసుకుంది.

అతిథి పేర్ల కాగితం ఆమె చేతికిచ్చాడు. ఇంటర్‌ప్రెటర్ లేడు గనక రష్యన్ వచ్చిన ఆమే మాటలు అటూ ఇటూ చేరవేసింది.

"మా దేశంలో జనం మమ్మల్ని మళ్లీ గెలిపించారు. ఇక్కడెలా ఉంది?" అని అడిగాడాయన.

పార్టీ కార్యదర్శి సింహాద్రి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"మా మీటింగులకి జనం ఇరగబడి వస్తారండీ. ఓట్ల రోజే పాపం ఆళ్లకేదో పని పడతాది."

ఆ ఒక్క మాటా ఝాన్సీలక్ష్మి అనువదించలేదు.